కోటిలింగం గారి గుండె బ్యాటరీ

ఏవండోయ్, పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి వినండి. మా మండపేటలో కోటిలింగం గారిల్లుంది కదా, ఊళ్ళో తెలివంతా వాళ్ళింట్లోనే కాపురం ఉంటోందని వాళ్ళ నమ్మకం. "అందరూ ఆస్పత్రి నుంచి మందులు తెచ్చుకుంటారు, మేం డాక్టరు మాట కూడా తెచ్చుకుంటాం" అంటుంది ఆయన భార్య మంగతాయారు. అక్షరం పొల్లు పోనివ్వరట, మహానుభావులు.

ఆ మధ్య కోటిలింగం గారు కూర్చున్నచోటే కళ్ళు తిరిగి పడిపోతుంటే, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని కాకినాడలో ఛాతీలో పేస్‌మేకర్ మిషన్ పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు వీళ్ళు అడగని ప్రశ్న లేదు. సెల్‌ఫోన్ వాడచ్చా అంటే, వాడచ్చు, మిషన్‌కి కాస్త దూరంగా పెట్టుకోండన్నాడు డాక్టరు. అంతే, ఫోను తీసుకెళ్ళి ఎదురింటి అరుగు మీద పెట్టేశారు. ఫోనొస్తే ఈయన తన గుమ్మంలోంచి కేకలేస్తాడు. అవతలివాళ్ళు ఏమన్నారో ఎదురింటావిడకే ఎరుక.

ఎడమ చెయ్యి కొన్నాళ్ళు భుజం దాటి ఎత్తద్దన్నాడు. ఇంకేముంది, కొడుకు బుల్లబ్బాయి తండ్రిని నిలబెట్టి, భుజం ఎత్తుకి గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఈయన పీట మీద కూర్చుని, అదే చేత్తో నడినెత్తికి నూనె రాసుకుంటూ, గీతకింకా జానెడు దూరముంది చూడండని అందరికీ చూపించేవాడు.

అసలు గొడవ బ్యాటరీతో వచ్చింది. పదేళ్ళ దాకా రావచ్చు, గుండె మందగించినప్పుడే మిషన్ అందుకుంటుంది, లేకపోతే ఊరికే కనిపెట్టుకుని ఉంటుందన్నాడు డాక్టరు. బ్యాటరీ అయిపోయిన రోజున ఈయనా అయిపోతాడని వీళ్ళ భయం. పాపం, ప్రేమే. అందుకని గుండెని మందగించనివ్వకూడదని తీర్మానించారు.

ఆయన కాస్త కుదురుగా కూర్చుంటే చాలు, బుల్లబ్బాయి వెనకనుంచి వచ్చి కాగితం సంచి టప్పున పేల్చేవాడు. దానికి అలవాటు పడ్డాక, గేదె చచ్చిపోయిందని చెప్పేవారు. ఆయన దొడ్లోకి పరిగెత్తి చూస్తే, అది నెమరేస్తూ ఉండేది. ఇక నిద్రలో గుండె మందగిస్తుందని ఎవరో అన్నారు. అంతే, ఆయన కన్ను మూతపడితే మంగతాయారు మొహాన నీళ్ళు కొట్టేది.

"నన్ను కాస్త పడుకోనివ్వవే" అని బతిమాలేవాడు.

"పడుకుంటే బ్యాటరీ ఎవరిస్తారండీ? మీ చెల్లెలిస్తుందా?" అనేది.

ఇంకేముంది, ఒకరోజు మజ్జిగన్నంలోనే తల వాల్చి పడిపోయాడు. బ్యాటరీ అయిపోయిందని గొల్లుమంటూ కారులో కాకినాడ పట్టుకుపోయారు. డాక్టరు మిషనంతా పరీక్ష చేసి, తల పట్టుకున్నాడు.

"అమ్మా, బ్యాటరీ నిండుగా ఉంది. ఖాళీ అయింది మనిషి. బ్యాటరీ అయిపోయేలోపే మేం చూసి మిషన్ మార్చేస్తాం. ముందీయన్ని నిద్రపోనివ్వండి. మీ వీధిలో ఎవరూ చప్పుడు చెయ్యకూడదు."

వీధిలో ఎవరూ. అంటే వీధి వీధంతటికీ తెలియాలి కదా. ఇంటికొచ్చి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. ఆయనకి అప్పుడే కన్నంటుకుంటోంది. బుల్లబ్బాయి డప్పొకటి అడిగి తెచ్చి, సరిగ్గా ఆ కిటికీ కింద నిలబడి, దండోరా మొదలెట్టాడు.

"మా నాన్న నిద్రపోతున్నాడహో, చప్పుడు చెయ్యకూడదహో!"

కోటిలింగం గారు లేచి, తూలుకుంటూ కిటికీ దగ్గరకొచ్చి, వీధి చివరిదాకా చూశాడు.

"ఒరేయ్, ఆ మూలింటివాళ్ళు బయటికి రాలేదు, వినపడినట్టు లేదు. గట్టిగా కొట్టరా, నాకు నిద్రొస్తోంది" అన్నాడు.