కన్నీళ్ళు చూసి ధర కట్టిన శెట్టి

అనగనగా ఒక రేవు పట్నం. ఊఁ కొట్టండి పిల్లలూ, కానీ ఈ కథలో నవ్వులు తక్కువని ముందే చెబుతున్నాను.

ఆ పట్నం పేరు ముత్యాలరేవు. వారసులు లేకుండా పోయిన ఇళ్ళలోని సామాన్లూ, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన వస్తువులూ అక్కడ రాజుగారి పరమయ్యేవి. నెలకొకసారి, పున్నమి మర్నాటి పొద్దున, రేవు ముందరి మైదానంలో వాటిని వేలం వేసేవారు.

ఆ వేలానికి ఒక ఆచారం ఉంది. పాట మొదలయ్యే ముందు ప్రతి వస్తువూ చేతులు మారుతూ జనం మధ్య ఒక చుట్టు తిరగాలి. కొనేవాడైనా, కొనలేనివాడైనా దాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు. ఆ తరువాతే వేలం వేసే భద్రయ్య కొయ్యసుత్తి ఎత్తేవాడు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని బల్ల మీద కొట్టాడంటే ఇక ఆ వస్తువు కొన్నవాడిదే. రాజుగారు వచ్చినా మాట తిరగదు.

ఆ ఊళ్ళోనే కనకలింగం శెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. ఆయనకు వింత వస్తువులంటే మహా వ్యామోహం. మేడ నిండా అద్దాల బీరువాలే. పటాలు, గడియారాలు, దంతపు పెట్టెలు, దూరదేశపు గవ్వలు, అన్నీ తాళం వేసి ఉండేవి.

అయితే ఆయనకు ఒక రహస్యం తెలుసు. కనీసం తెలుసని ఆయన అనుకునేవాడు. వేలంలో ఆయన వస్తువు వంక చూసేవాడు కాదు. తన వంతుకు వస్తే చూడకుండానే పక్కవాడికి అందించి, జనం మొహాలు చూస్తూ కూర్చునేవాడు. దాన్ని పట్టుకున్నప్పుడు ఎవరి కళ్ళు చెమర్చినా సరే, వెంటనే పాట అందుకునేవాడు. నిపుణుడు పొరబడవచ్చు గానీ కన్నీరు పొరబడదు అన్నది ఆయన లెక్క.

ఇంట్లోనూ అదే చూపు. కూతురు అంబుజం ఐదేళ్ళప్పుడు ఒక చెక్క బొమ్మను గుండెకు హత్తుకుని ముద్దులాడుతుంటే చూశాడు. ఇంత ముద్దొచ్చిందంటే గొప్ప పనితనమే అయి ఉంటుందని దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ పిల్ల రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు నుంచి దేన్నీ ఇష్టంగా చూడటం మానేసింది. తల్లి లేని పిల్ల, ఎవరితో చెప్పుకుంటుంది?

ఒక పున్నమి వేలానికి ఒక గుడ్డ మీద వేసిన బొమ్మ వచ్చింది. నూతి దగ్గర నలుగురు ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్న బొమ్మ. అది సాలెల ఇంటి పిల్ల పైడమ్మ చేతికి వచ్చేసరికి ఆమె భోరుమంది.

"బిందె ఎత్తుకుని నించున్నది మా అమ్మ, శెట్టిగారూ. జ్వరమొచ్చి పోయింది. అమ్మ మొహం నాకింకెక్కడా లేదు. మీరు పాట పెంచకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయితే మంచి బొమ్మే అన్నమాట," అన్నాడు కనకలింగం, భద్రయ్య వైపు చెయ్యెత్తుతూ. మూడోసారికి బొమ్మ ఆయనదైంది.

మరో పున్నమికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇత్తడి గంట వచ్చింది. పడవ వాడు నూకరాజు దాన్ని పట్టుకుని గజగజ వణికాడు.

"బాబూ, ఇది మా తమ్ముడి పడవలో గంట. ఆడి శవం కూడా మాకు దొరకలేదు. ఇదైనా ఇంటికట్టుకెళ్ళి అమ్మకి సూపించనీండి బాబూ!"

"నీకంత విలువైన గంట నాకు మాత్రం చేదా?" అన్నాడు కనకలింగం. మూడోసారికి గంటా ఆయనదైంది.

ఇంటికి తెచ్చి ఆ రెంటి ముందూ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కదిలించేది ఏమీ కనిపించేది కాదు. గుడ్డ మీద రంగులు, ఇత్తడి మీద చిలుము, అంతే. "ఆ పిల్లకు ఏడుపొచ్చింది, వాడికి వణుకొచ్చింది, నాకెందుకు రాదు?" అని విసుక్కుని, అద్దాలు సరిగ్గా తుడవలేదని పనివాళ్ళను కేకలేసేవాడు. పాపం, అద్దాలదే తప్పు అనుకున్నాడు.

ఈ రెండు వేలాలూ చూసిన మనిషి ఒకామె ఉంది. ఆమె పేరు హుస్సేన్‌బీ. గడియారాలు బాగుచేసే మస్తాన్ సాయిబు భార్య. సాయిబు ఊరందరి గడియారాలూ బాగుచేశాడు గానీ, తన చేత్తో మొదటి నుంచీ చేసింది ఒక్కటే, ఒక జేబు గడియారం. మూడేళ్ళు పట్టింది. దాని నడకలో చిన్న తడబాటు ఉండేది. పది సార్లు సరిగ్గా కొట్టుకుని, పదకొండోసారి ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్ళీ సాగేది. ఎంత ప్రయత్నించినా సాయిబు దాన్ని సరిచేయలేకపోయాడు. రాజుగారి దివానుగారు దాన్ని అలాగే ముచ్చటపడి కొనుక్కున్నారు. తరువాత సాయిబు పోయాడు. వారసులు లేని దివానుగారూ పోయారు. గడియారం వేలానికి వచ్చింది.

హుస్సేన్‌బీ గాజులు అమ్మితే నలభై వరహాలు వచ్చాయి. కనకలింగం చెయ్యెత్తితే ఆ నలభై ఎందుకూ చాలవని ఆమెకు తెలుసు. అందుకే ఆ పొద్దున భద్రయ్య బల్ల మీద ఏది ముందు, ఏది వెనక అన్నది జాగ్రత్తగా చూసుకుని కూర్చుంది.

ముందుగా వచ్చింది దివానుగారి కొట్టు గదికి వేసే తుప్పు పట్టిన తాళం. చెవి కూడా లేదు. అది చేతికి రాగానే హుస్సేన్‌బీ దాన్ని రెండు చేతులా పట్టుకుని, గుండెకు అదుముకుని, కుమిలి కుమిలి ఏడ్చింది. ఒక్క మాట అనలేదు. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆ ఏడుపు చూసి పక్కవాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు.

కనకలింగం ఒళ్ళు పులకరించింది. ఇంత దుఃఖం ఆయన ఏ వేలంలోనూ చూడలేదు. పంతులుగారొకరు సరదాకి పాట పెంచితే, శెట్టి ఆగకుండా మూడు వందల వరహాల దాకా వెళ్ళి ఆ తాళం కొన్నాడు.

తరువాత గడియారం వచ్చింది. చేతులు మారుతూ హుస్సేన్‌బీ దాకా చేరింది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. పది సార్లు కొట్టుకుంది. పదకొండోసారి ఆగింది, మళ్ళీ సాగింది. పెనిమిటి పక్కనే కూర్చుని ఊపిరి తీసినట్టయింది. కనకలింగం ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. ఆ మొహం ఎండిన చెరువులా ఉంది. ఆమె గడియారాన్ని పక్కవాళ్ళకు అందించేసింది.

శెట్టి ఆవలించాడు. పైడమ్మకూ నూకరాజుకూ సంగతి అర్థమైంది గానీ, వాళ్ళూ తల వంచుకుని నేల చూపులు చూశారు. ముప్ఫై ఎనిమిది వరహాలకు, మూడోసారికి, గడియారం హుస్సేన్‌బీది అయింది.

వారం తరువాత ఒక ఉదయం కనకలింగం ఆ వీధిలో పోతూ చూశాడు. హుస్సేన్‌బీ అరుగు మీద కూర్చుని, గడియారం చెవికి ఆనించుకుని ఏడుస్తోంది. ఆయన ఆగిపోయాడు.

"మరి ఆ రోజు తాళం మీద ఎందుకేడ్చావు?"

"తాళం మీద కాదు శెట్టిగారూ. గడియారం చేతికొచ్చేసరికి కళ్ళలో చుక్క మిగలకూడదని ముందే ఖాళీ చేసుకున్నాను. నా మొగుడి వస్తువు నా చేతికొస్తే, మీరు చూస్తారని రాయిలా కూర్చున్నాను. అల్లా మీకు కూడా ఆ గతి పట్టించకుండా ఉండాలి."

"ఐదు వందలిస్తాను, ఆ గడియారం ఇచ్చెయ్."

"ఇది వేలంలో లేదు, శెట్టిగారూ," అని ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ ఉపాయం ఊరంతా పాకింది. ఇక వేలంలో ఎవరి కళ్ళూ చెమర్చలేదు. ఎంత ప్రాణమైన వస్తువు చేతికొచ్చినా మొహం బిగించుకుని పక్కవాడికి అందించేవారు. నేర్చుకున్న విద్య మైదానంతో ఆగుతుందా? బజారుకూ పాకింది, ఇళ్ళలోకీ పాకింది. అది ఊరికి మంచి చేసిందని నేను చెప్పను. కనకలింగం మాత్రం ఏది కొనాలో తెలియక చేతులు ముడుచుకు కూర్చున్నాడు. వస్తువును చూడటం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు కదా.

ఏళ్ళు గడిచాయి. కనకలింగం మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం ఊపిరి అందడం కష్టమైంది. బంధువులు, గుమాస్తాలు, ఇరుగుపొరుగు మంచం చుట్టూ నిలబడ్డారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన ఒక్కొక్క మొహమే చూడసాగాడు.

బంధువుల మొహాలు చూశాడు. పొడిగా ఉన్నాయి. గుమాస్తాల మొహాలు చూశాడు. పొడిగా ఉన్నాయి. చివరికి తలగడ దగ్గర కూర్చున్న కూతురి మొహం చూశాడు. అంబుజం పెదవులు బిగించి, రెప్ప వేయకుండా గోడ వంక చూస్తోంది.

"అమ్మాయీ," అన్నాడు సన్నగా, "నా మీద ఎవరికీ ఏమీ లేదన్నమాట. నీక్కూడా."

ఆమె నోరు తెరిచింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అడ్డొచ్చింది. ఏదైనా ఇష్టమని తెలిస్తే అది తనకు దక్కదని ఐదేళ్ళప్పుడు నేర్చుకుంది. ఇప్పుడు ఆమెకు కావలసింది తండ్రి ప్రాణం నిలబడటం ఒక్కటే. బెదిరిపోయి మొహం ఇంకా బిగించుకుంది. ఆయన ఇంకొక్కసారి ఆశగా చూసి, కళ్ళు మూసుకున్నాడు.

ఆ కళ్ళు ఇక తెరుచుకోవని తెలిశాక, చూసేవారు లేరని నమ్మకం కుదిరాక, అంబుజం తండ్రి గుండె మీద పడి వీధి చివరి దాకా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు కనకలింగం వినలేదు.

పదమూడో రోజు ఆమె బీరువాల తాళాలన్నీ తీసింది. నూతి దగ్గరి ఆడవాళ్ళ బొమ్మ పైడమ్మ ఇంటికి పంపింది, గంట నూకరాజు ఇంటికి పంపింది. నూకరాజు వాళ్ళమ్మ అప్పటికే పోయింది. అంబుజం తన చెక్క బొమ్మను మాత్రం ఒళ్ళో పెట్టుకుని, తుప్పు పట్టిన ఆ తాళం వంక చాలాసేపు చూస్తూ కూర్చుంది.

కనుక పిల్లలూ, ఎదుటివారి కన్నీటిని ధరగా లెక్కగట్టేవాడికి, తన కోసం దాచుకున్న కన్నీరు ఏనాటికీ కనబడదు.