తుంగడి గూటి నార

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుండేవి. ఆ చెట్టు మీద నారయ్య, గరికమ్మ అనే జంట ఉండేది. వాళ్ల కొడుకు తుంగడు. చిన్నపిల్లవాడు కాదు, వేరే కొమ్మకు సొంత గూడు కట్టుకున్నవాడు.

తుంగడికి ఒక జబ్బు ఉండేది. కొన్నాళ్లు నిద్రా తిండీ లేకుండా గూడు మీద గూడు అల్లేవాడు. అడవంతా గూళ్లతో నింపేస్తాననేవాడు. కొన్నాళ్లు గడ్డిపోచ కూడా ఎత్తలేక, ముక్కు రెక్కలో దూర్చి కూర్చునేవాడు. అల్లేటప్పుడు చుట్టుపక్కలవాళ్లు పొగరన్నారు, కూర్చున్నప్పుడు బద్ధకమన్నారు. కుండకు మూత పెట్టవచ్చు, ఊరి నోటికి పెట్టలేం కదా.

వైద్యం తెలిసిన ముసలి పాలపిట్ట వచ్చి చూసింది. "ఇది మనసుకు వచ్చే జబ్బు. ఆకు పసరు రోజూ తాగాలి. బాగున్న రోజున కూడా మానకూడదు" అంది. తుంగడు తాగాడు. చాలాకాలం బాగున్నాడు. బాగున్నాను కదా అని మానేశాడు. ఆ వానాకాలంలో, గాలివానను గెలుస్తానని ఎదురెగిరి, వాగులో పడి చనిపోయాడు.

ఆ చెట్టు మీద ఒక ఆచారం ఉంది. పోయినవాడి గూటి నార ఇరుగుపొరుగు తలా ఒక పోగు తీసుకెళ్లి తమ గూట్లో కలుపుకుంటారు. తీసుకునే ముందు, "ఎలా పోయాడు?" అని అడగాలి. ఇంటివాళ్లు చెప్పాలి.

మొదట పై కొమ్మ తాత వచ్చి అడిగాడు.

"డేగ ఎత్తుకుపోయింది" అన్నాడు నారయ్య. పిచ్చివాడి తండ్రి అనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు.

తరువాత పక్కగూటి పిన్ని వచ్చింది. మళ్లీ డేగే. గరికమ్మకు ఆ అబద్ధం నచ్చలేదు. అయినా, పోయినవాడి పరువైనా దక్కనీ అని ఊరుకుంది.

ఆ తరువాత చివరికొమ్మ చంద్రి వచ్చింది. డేగ మాట వినగానే ఊపిరి పీల్చుకుంది. "పోనీలే వదినా, నా భయం తీరింది. మా పెద్దపిల్ల కూడా తుంగడిలాగే నిద్రపోకుండా ఎగురుతోంది. ఆ జబ్బే వాణ్ని మింగిందేమో అనుకున్నా. డేగ అయితే ఇక మా పిల్లకు పసరెందుకు, దండగ" అంది.

గరికమ్మ నారయ్య వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"డేగ కాదు చంద్రీ" అంది గరికమ్మ. "జబ్బే. నయమైపోయిందనిపించడం కూడా ఆ జబ్బు చేసే పనే. అందుకే పసరు మానేశాడు. వాడి తప్పేమీ లేదు. నువ్వు పిల్లను ఇప్పుడే పాలపిట్ట దగ్గరికి తీసుకెళ్లు."

చంద్రి నార సంగతే మరిచిపోయి ఎగిరిపోయింది.

"పరువు తీశావు" అన్నాడు నారయ్య.

"జ్వరంతో పోతే చెప్పేవాడివి కాదా?" అంది గరికమ్మ.

నారయ్య వెనక్కి తిరిగాడు. కొడుకు గూటి వైపు చూస్తూ మొదటిసారి ఏడ్చాడు.

చంద్రి కూతురు పసరు తాగింది. మంచి రోజులూ చెడ్డ రోజులూ వస్తూనే ఉన్నాయి, కాని బతికింది. తుంగడు మాత్రం తిరిగి రాలేదు. గరికమ్మ దుఃఖమూ తీరలేదు.

మళ్లీ గూళ్లు కట్టే కాలం వచ్చింది. నారయ్య కొడుకు గూటి నుంచి ఒక పోగు లాగి, తానే చంద్రి కూతురికి పట్టుకెళ్లాడు. ఆ పిల్ల ఆచారం ప్రకారం అడిగింది, "ఎలా పోయాడు మామా?"

"జబ్బు చేసి పోయాడమ్మా" అన్నాడు నారయ్య. "మంచి పనివాడు."

నీతి: జబ్బును దాచితే పోయినవాడికి పరువు దక్కదు, బతికున్నవాడికి ప్రాణం దక్కదు.