గుండిగ మూతకు కన్నమెందుకు?

అనగా అనగా, వానలు విడువక కురిసే ఒక కొండ అడవిలో మాణిక్యమ్మ అను ముసలి ఎలుగుబంటి ఉండెను. ఆమె ముత్తాత కార్చిచ్చు నుండి నిప్పు తెచ్చి, చలికి వణకువారికెల్ల పంచెను. ఆమె తాత అడవి అంచున పొగబండిని చూచి వచ్చి, ఆవిరికి గల బలమెట్టిదో అందరికీ తెలిపెను. ఆమె తల్లి ఆకలిగొన్నవారిని ఏనాడును వట్టి కడుపుతో పంపలేదు. పొయ్యి రాజేయునపుడెల్ల మాణిక్యమ్మ ఆ ముగ్గురికీ నమస్కరించెడిది.

ఒక ముసురునాడు ఆమె తన గుహలో పెద్ద ఇత్తడి గుండిగను పొయ్యిమీద పెట్టెను. అడుగున నీరు, దానికి తగలకుండ అడ్డుపుల్లలమీద గడ్డి, గడ్డిమీద జొన్న కుడుములు. ఆవిరి పక్కలకు పోకుండ మూత చుట్టూ తడిపిండి మెత్తెను. మూత నడుమ చిన్న కన్నము మాత్రము విడిచెను. కుందేలు సుబ్బులు తన పసికూనల బుట్టను వెచ్చదనము కొరకు పొయ్యి వెనుక, గోడవార ఉంచి మేతకు పోయెను.

అంతలో కొండముచ్చు తిరుపాలు ఆకలితో వచ్చెను.

"పెద్దమ్మా, ఉడికాయా?"

"ఉడుకుతున్నాయి, నాయనా."

"నీ కుడుములు తినేలోపు నేను ముసలివాణ్ణయిపోతాను!"

"పళ్లు ఊడకముందే పెడతానులే," అని నవ్వి, మాణిక్యమ్మ కట్టెల కొరకు గుహ వాకిటికి పోయెను.

తిరుపాలు కన్నమును చూచెను. "అయ్యో, ఇంత ఆవిరి వృథాగా పోతోందే! అందుకే ఆలస్యం," అనుకొని, కన్నములో బంకమట్టి కూరెను. మూత లేవకుండ దానిమీద ఇరుపక్కల రెండు రాళ్లు పెట్టెను.

మొదట గుండిగ బుసలు ఆగెను. పిమ్మట మూత గడగడ వణకెను. ఆపైన లోపలినుండి మూలుగు వంటి చప్పుడు వచ్చెను. తిరుపాలు బెదరి మూత తీయబోయెను.

"మూత ముట్టకు! ముఖం కాలిపోతుంది! దూరం జరుగు!" అని మాణిక్యమ్మ వాకిటినుండి పరుగున వచ్చి అరచెను.

గుండిగ ఏ క్షణమైనను పేలవచ్చును; దాని మీదుగా వంగనిదే వెనుకనున్న కూనల బుట్ట అందదు. ఆమె వెనుదిరిగి పోయినచో తాను బ్రదుకును, కూనలు బ్రదుకవు. మాణిక్యమ్మ మండుచున్న కట్టెలను ఒక్కొక్కటిగా లాగి వానలోనికి విసరెను. చేతుల బొచ్చు కమిలెను. అయినను కడపటి కట్టె వరకు ఆగలేదు.

కొంతసేపటికి మూలుగు తగ్గెను. మూత వణకు మానెను. అప్పుడామె దూరమున నిలిచి పొడవాటి వెదురుకర్రతో మట్టిముద్దను కదిలించెను. అది టప్పున ఎగిరి గుహ కప్పునకు అంటుకొనెను. ఆవిరి బుస్సున లేచెను.

"అది నా ముక్కుకు తగిలి ఉంటే?" అని తిరుపాలు గొణిగెను.

"తడుముకోవడానికి ముక్కు ఉండేది కాదు."

సుబ్బులు తిరిగి వచ్చి, జరిగినది విని, కూనలను హత్తుకొని ఏడ్చెను. "అవ్వా, నీ ఋణం తీర్చలేను!"

"దండం మా పెద్దలకు పెట్టు, తల్లీ. మంట తీస్తే ఆవిరి బలం తగ్గుతుందని నాకు నేర్పింది వాళ్లే."

తిరుపాలు తల వంచెను. "నాకూ నేర్పు, పెద్దమ్మా."

మాణిక్యమ్మ అతనికి గుండిగను, వెదురుకర్రను ఇచ్చెను. నీరు గడ్డిని తాకరాదని చెప్పెను. ఎక్కువైన ఆవిరి బయటికి పోవుటకే కన్నమున్నదనియు, దానిని మూయరాదనియు చెప్పెను. ఆపద వచ్చినచో ముందు మంటను తీయవలెనని చెప్పెను. సుబ్బులు కూనలు పెద్దవైన పిమ్మట తిరుపాలు ఆ మాటలను వాటికి నేర్పెను.

నీతి: పెద్దలు ఏర్పరచినదానిని మార్చుటకు ముందు, అది ఎందుకున్నదో అడిగి తెలిసికొనవలెను, తెలిపినవారిని కృతజ్ఞతతో తలచుకొనవలెను.