మెట్ల మలుపు

తాయారు గైడు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది రేపు. వయసు హద్దు దాటిపోతోంది కాబట్టి ఇక నాలుగోది లేదు.

పన్నెండేళ్ళుగా చిత్రశాల గుమ్మంలో చెప్పులు తీసుకుని టోకెన్లు ఇస్తోంది. లోపలి ప్రతి బొమ్మా ఆమెకు కంఠతా వచ్చు. తెలుగులో అడిగితే కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. పరీక్షలో ఇంగ్లీషులో చెప్పాలనేసరికి ప్రతి అక్షరాన్నీ గుద్ది గుద్ది పలుకుతుంది.

కిందటిసారి పరీక్ష పెట్టినాయన పగలబడి నవ్వాడు. "బొమ్మ గురించి చెబుతున్నావా తల్లీ, గోడకు మేకులు కొడుతున్నావా?" అన్నాడు. పెద్దమనిషి అనాల్సిన మాటేనా అది!

ముసలి గైడు దస్తగిరి సాహెబు ఆర్నెల్లుగా ఆమెకు నేర్పుతున్నాడు. ఎంత పొడుగు మాటలోనైనా ఒక్క చోటే ఒత్తి పలకాలని వందసార్లు చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమె 'ఇమాజినేషన్' అన్న మాటను కాగితం మీద ముక్కలు చేసి తెచ్చింది. ఇ, మా, జి, నే, షన్. ముక్కలు సరిగ్గానే పడ్డాయి. చదివితే మాత్రం అయిదింటికీ అయిదు దెబ్బలు.

"ఏది తేలిగ్గా అన్నా అది జారిపోతుందేమోనని భయం సార్. నావల్ల కాదు. నా బతుకు ఆ చెప్పుల దగ్గరే తెల్లారిపోతుంది" అంది. కళ్ళు తుడుచుకునే ఓపిక కూడా లేదు ఆమెకు.

అప్పుడే నలుగురు పనివాళ్ళు పెద్ద పటమొకటి మేడమీదికి ఎక్కిస్తున్నారు. సాహెబు వెళ్ళి ఒకణ్ణి తప్పించి, "ఈ మూల నువ్వు పట్టమ్మా" అన్నాడు.

మెట్ల మలుపు వచ్చింది. అలవాటు ప్రకారం ఇద్దరు పనివాళ్ళు చేతులు సడలించారు. బరువంతా పైమూల ఉన్న ఓబులేసు భుజం మీదికి పోయింది. తాయారుకు ఆ సంగతి తెలియదు. పటం పడిపోతుందని పళ్ళ బిగువున పైకెత్తింది. చట్రం గోడకు ఇరుక్కుంది.

"సడలించక్కా!" అని అరిచాడు ఓబులేసు.

"పడిపోతుంది! సార్, పడిపోతుంది!"

సాహెబు కిందినుంచి అన్నాడు. "చెయ్యి తీయమనలేదమ్మా. ఇక్కడ మోసేది వాడు. నువ్వు తాకి ఉండు, చాలు."

ఆమె వేళ్ళు వదులు చేసింది. పటం చప్పుడు లేకుండా తిరిగింది.

మిగతా మెట్లు వాళ్ళే ఎక్కించారు. తాయారు ఆ మలుపులోనే చతికిలబడి, 'నే' ఒక్కటే ఒత్తి, మిగతా నాలుగూ తాకి వదులుతూ 'ఇమాజినేషన్' అని పెదాలు కదుపుతూ, తలుపులు మూసే గంట కొట్టేదాకా ఏడ్చింది.