ఇద్దరికి చోటు లేని పెట్టె

బందరులో మా ఎదురింట్లో భీమశంకరం అనే గుమాస్తా ఉండేవాడు; ఏ వస్తువు చేతికొచ్చినా ఇంతకంటే మంచిది ఇంకెక్కడో ఉందేమోనని మెడ చాచి వెతకడం ఆయనకున్న జబ్బు. వంకాయలు కొనడానికి సంచీ పట్టుకుని బయల్దేరితే, కృష్ణకు పుష్కరాలు వచ్చి వెళ్ళిపోయేవి, ఆయన మాత్రం ఇంకా తొడిమలు చూస్తూ ఉండేవాడు. చొక్కా గుడ్డ ఎంచుకునేలోపు దర్జీకి మనవలు పుట్టేవారు. అలాంటివాడికి పెళ్ళెలా అయిందంటారా? ఆయన ఎంచుకోలేదు. హైమవతే ఆయన్ని ఎంచుకుంది.

పెళ్ళయిన కొత్తలో ఆ ఇద్దరికీ కలిపి ఒక చిన్న పాటల డబ్బా ఉండేది. దానికి ఒకటే తీగ, చివర రెండుగా చీలి ఉండేది. ఒక కొస ఆయన చెవిలో, రెండోది ఆవిడ చెవిలో. తీగ ఎంత పొట్టిదంటే, ఒకరు తుమ్మితే రెండోవాళ్ళు ముక్కు తుడుచుకోవాలి. సాయంత్రాలు మెట్ల మీద తలలు ఆనించుకుని కూర్చునేవారు. వాళ్ళకో పాట ఉండేది, వాన గురించిన లలితగీతం. చరణంలో మొదటి పాదం అయ్యాక వయొలిన్ ఒక్క ఊపిరి ఆగుతుంది. ఆ ఆగినచోట హైమవతి "ఊఁ" అంటూ కూనిరాగం అందుకునేది. ప్రతిసారీ కాస్త ముందే అందుకునేది. శ్రుతి సంగతి అడక్కండి, మా పెరట్లో గేదె మేత మానేసి తలెత్తి చూసేది. భీమశంకరం నవ్వేవాడు. ఆయన నవ్వితే తీగ లాగి ఆవిడ తల కూడా ఊగేది.

కొన్నాళ్ళకి ఆ డబ్బా పాడైంది. అప్పటికే భీమశంకరానికి సంగీతం మీద శ్రద్ధ ముదిరిపోయింది. బుట్టలంత హెడ్‌ఫోన్లు కొన్నాడు. గాలాడే రకమట, జల్లెడలా చుట్టూ చిల్లులే. వాటికి కంప్యూటర్ బలం చాలదని, బల్ల మీద ఇంకో పెట్టె ఉండాలని అన్నాడు.

"ఆ పెట్టె ఏం చేస్తుందయ్యా?" అని అడిగాను.

"కంప్యూటర్లో పాట అంకెలుగా ఉంటుంది పిన్నిగారూ. ఆ అంకెల్ని ధ్వనిగా మార్చేది డాక్. ఆ ధ్వనికి బలమిచ్చి చెవిదాకా తోసేది యాంప్లిఫయరు. రెండూ ఒకే పెట్టెలో దొరుకుతాయి," అన్నాడు.

"అంటే బియ్యాన్ని అన్నం చేసేదొకటి, వడ్డించేదొకటి."

"అంతే అనుకోండి."

"ఆ రెండూ చేసే మనిషి నీకు వెతక్కుండానే దొరికింది కదయ్యా," అన్నాను. ఆయన వినలేదు. అప్పటికే బుట్టలు చెవుల మీదికి ఎక్కించేశాడు.

గుమాస్తా జీతానికి అందే పెట్టెలు బజారులో బోలెడున్నాయి. బోలెడుండటమే ఆయన కొంప ముంచింది. ఒకటి తెప్పించేవాడు, ఆ వాన పాట పల్లవి సగం వినేవాడు, తల అడ్డంగా ఊపి తిప్పి పంపేసేవాడు. ఒకదాంట్లో వెనకాల పాము బుసకొడుతోందన్నాడు. ఒకదాంట్లో మీట తిప్పితే ధ్వని ఎడమ చెవిలో ముందు లేచి కుడి చెవిలో ఆలస్యంగా లేస్తోందన్నాడు. ఇంకోదాంట్లో గాయనికి పడిశం పట్టిందన్నాడు. కొరియర్ అతను తిరగలేక, మా వీధిలోనే ఇల్లు చూసిపెట్టమని నన్ను బతిమాలాడు.

ఆ చిల్లుల్లోంచి కారిన పాట వంటింట్లోకి దోమ పాడినట్టు వినిపించేది. పల్లవి సగం, ఆగిపోవడం. మళ్ళీ పల్లవి సగం, మళ్ళీ ఆగిపోవడం. హైమవతి గరిట చేత్తో పట్టుకుని చరణం కోసం నిలబడిపోయేది. చరణం వచ్చేది కాదు. పులుసు మాడేది.

"ఏమండీ, ఒక్కసారి చివరిదాకా రానివ్వరాదూ," అని అడిగింది.

"పెట్టె గుణం పల్లవిలోనే తెలిసిపోతుంది హైమా. మంచిది దొరకనీ. అప్పుడు తీరిగ్గా కూర్చుంటాను," అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. జల్లెడ పట్టగా పట్టగా చివరికి రెండు పెట్టెలు మిగిలాయి. ధర ఇంచుమించు ఒకటే. ఒకదానికి హెడ్‌ఫోన్లు గుచ్చే చోట్లు రెండున్నాయి. రెండోదానికి చోటు ఒకటే, కానీ నిశ్శబ్దంలో దానికి సాటి లేదని విన్నవాళ్ళందరూ రాశారట. హైమవతి అప్పటికే గుట్టుగా తనకో చిన్న హెడ్‌ఫోన్ల జత కొనుక్కుని, బీరువాలో పట్టుచీరల కింద దాచుకుంది. కొత్త నగ చూపించినట్టు నాకొక్కదానికే చూపించింది.

"రెండు చోట్లున్నది తీసుకుందామండీ," అంది ఆయనతో.

"రెండు తగిలిస్తే బలం రెండుగా చీలిపోతుంది. ధ్వని పలచబడుతుంది."

"పడనీండి. మజ్జిగ పలచనైతే తాగడం లేదూ?"

"మజ్జిగకీ సంగీతానికీ పోలికేమిటి?"

"నాకు పలచన చేసినదే అలవాటు," అంది.

ఒక్కసారి ఆవిడ మొహం వైపు చూసి ఉంటే బాగుండేది. ఆయన పెట్టెల గుణాలు రాసిన అంకెల వైపు చూశాడు. ఒక్క చోటున్న పెట్టె తెప్పించాడు.

అది వచ్చిన సాయంత్రం హైమవతి తన హెడ్‌ఫోన్లు కొంగు చాటున పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడింది. పెట్టె ముందువైపు చూసింది. ఒకటే కన్నం. "బాగుందండీ," అంది. వెళ్ళి కొంగులోది బీరువాలో పెట్టేసింది. మర్నాటి నుంచి సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని వత్తులు చేసేది. ఎన్ని చేసిందంటే, కార్తీకంలో కృష్ణా జిల్లా మొత్తం వెలిగించినా ఇంకా డబ్బా నిండా మిగిలాయి.

కొత్త పెట్టెలో వంక పెట్టడానికి భీమశంకరానికి ఏమీ దొరకలేదు. చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, ఇవాళ పాట పూర్తిగా వింటానని కూర్చున్నాడు. పల్లవి అయింది. చరణం వచ్చింది. మొదటి పాదం అయ్యాక వయొలిన్ ఆగింది. కడిగి బోర్లించిన కంచంలా ఉంది ఆ నిశ్శబ్దం. ఆయనకి తెలియకుండానే తల పక్కకి వాలింది. ఆనుకోవడానికి అక్కడేమీ లేదు.

మొదట పెట్టెనే అనుమానించాడు. తీగలు ఊడదీసి తుడిచి మళ్ళీ గుచ్చాడు. పాట మళ్ళీ పెట్టాడు. ఆ ఆగినచోట మళ్ళీ తల వాలింది. అప్పుడు తెలిసింది, ఏం వినిపించడం లేదో.

వీధి దాటి మా అరుగు దగ్గరికొచ్చాడు.

"హైమా, ఒకసారి వస్తావా? పాట చరణందాకా వచ్చింది."

ఆవిడ వత్తి చేస్తూనే, "నాకక్కడ చోటెక్కడుందండీ," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకి తేలికయ్యేది.

"తిప్పి పంపెయ్యలేవా శంకరం?" అన్నాను.

"గడువు దాటిపోయింది పిన్నిగారూ."

"పోనీ, ఆ రెండు చోట్ల పెట్టె?"

"దాన్ని తయారు చేయడం మానేశారు."

"మరింకేం, ఇంకా మంచిది వెతుక్కో," అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన నేరుగా కోనేరు సెంటరుకు వెళ్ళాడు. రేడియోలు బాగుచేసే కొట్లో, ఒక కన్నాన్ని రెండు చేసే చీలిక తీగ కావాలన్నాడు. కొట్టువాడు మొదట తీసి చూపించినదే తీసుకున్నాడు. కొట్టువాడు భయపడి, "ఇంకో రకం చూపించమంటారా?" అని అడిగాడట. వద్దన్నాడట. ఆ రోజు బందరు సముద్రం ఒక అల ఆపుకుని మరీ ఆయన వైపు చూసిందంటారు.

ఆ తీగ పొట్టిది. కుర్చీలు రెండూ దగ్గరికి జరపాల్సి వచ్చింది. హైమవతి బీరువాలోంచి తన హెడ్‌ఫోన్లు తెచ్చుకుంది. ధ్వని కాస్త పలచబడింది. ఆయన పట్టించుకోలేదు. పల్లవి అయింది. చరణం వచ్చింది. వయొలిన్ ఆగింది. భీమశంకరం తల వాల్చి ఎదురుచూశాడు.

ఏమీ రాలేదు. పాట అయిపోయింది.

"పాడలేదేం?" అని అడిగాడు.

"ఎక్కడండీ?"

"ఆ ఆగినచోట. ఎప్పుడూ పాడేదానివిగా."

హైమవతి హెడ్‌ఫోన్లు కాస్త పక్కకి జరిపింది. "నేనా? ఏమోనండీ. ఆ చరణం విని ఎన్నేళ్ళయిందో. మర్చిపోయాను," అంది.

భీమశంకరం పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.

ఇప్పటికీ రోజూ సాయంత్రం పెడతాడు. ఇద్దరూ చివరిదాకా వింటారు. ఆ ఆగినచోటికి రాగానే మా అరుగు మీద నేను కూడా వత్తి ఆపి చెవి రిక్కిస్తాను. అంత దూరం వినిపిస్తుందా అనకండి, నా చెవులు బందరులో కూర్చుని బెజవాడ రైలు కూత వింటాయి. మొన్నొకసారి సన్నగా "ఊఁ" అన్నట్టనిపించింది. గాలేమో అనుకున్నాను. మా పాత గేదె ఎప్పుడో పోయింది, దాని దూడే ఇప్పుడు గేదె అయింది. అది మేత మానేసి తలెత్తి చూసింది.

అందుకే పిల్లలూ, ఇంకా మేలైనదాని కోసం వెతుకుతూ పక్కనున్న మనిషిని నిలబెట్టి ఉంచకండి. వస్తువు ఎప్పుడైనా దొరుకుతుంది, పక్కన ఖాళీ అయిన చోటు మాత్రం అంత తొందరగా నిండదు.