పనిలేనివాళ్ల పంక్తి

వింజపురం మంత్రి సోమనప్రగడ, పట్నంలో ఎవరు పనిచేస్తున్నారో, ఎవరివల్ల ఎంత సంపద వస్తోందో లెక్క తీశాడు. కొలువులో జీతగాళ్లనూ పేరున్న వర్తకులనూ రాసుకుని, మిగిలిన రెండువేలమందినీ పనిలేనివాళ్లలో చేర్చేశాడు. వాళ్లంతా మర్నాటినుంచి కూలి లేకుండా కోట కందకం తవ్వాలని చాటింపు వేయించాడు.

బుట్టలల్లుకుని బతికే నాంచారమ్మ పేరూ ఆ పట్టీలో ఉంది. కందకానికి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కాసేపు ఆలోచించి, లేచి వాడవాడా తిరిగింది.

తెల్లవారేసరికి రెండువేలమందీ విస్తళ్లు వేసుకుని కోట ముందు బారులు తీరి కూర్చున్నారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు రాజు బయటికొచ్చి.

"పనిలేనివాళ్లకు రెండుపూటలా కోటలోనే అన్నం పెట్టాలని తమ తాతగారు శాసనం వేయించారు కదా మహాప్రభో! మాకు పనిలేదని మంత్రిగారే రాశారు" అంది నాంచారమ్మ.

మంత్రి మండిపడ్డాడు. "అబద్ధం ప్రభూ! ఇది రోజూ బుట్టలమ్ముతుంది. అడుగో, వాడు చెప్పులు కుడతాడు. ఆవిడ మజ్జిగ అమ్ముతుంది. ఆ ముసలాయన మా ఇంటికే కట్టెలు తెస్తాడు!"

"కాస్త మెల్లగా చెప్పండి బాబూ, కరణంగారు రాసుకోవాలి" అంది నాంచారమ్మ.

రాజు పకపకా నవ్వి, కరణాన్ని గంటం అందుకోమన్నాడు. మంత్రి ఒక్కొక్కరి పనీ చెప్పుకుంటూ పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. కరణం లెక్కకట్టి చూస్తే పట్నం సంపాదనలో సగానికి పైగా వాళ్ల చేతులమీదే నడుస్తోంది.

కందకానికి కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టమన్నాడు రాజు. కొత్త లెక్క మీద మంత్రి సంతకంకన్నా ముందు నాంచారమ్మ వేలిముద్ర వేయించాడు.