మద్దిలేటి కాల్చిన ఇటుక

మా మిద్దెను కూలగొట్టాలని మద్దిలేటి పట్టుబట్టి కూర్చున్నాడు.

మిద్దె అంటే మా ఫక్కీరయ్య తాత ఉండే చోటు. కుందూ ఏటి ఒడ్డున, కానుగమడుగు ఊరి చివర ఉంది. తాత దూదేకుల ఇంట్లో పుట్టినాడు. చిన్న వయసులోనే ఒక పీరు దగ్గర శిష్యుడిగా చేరి, ఆయన పోయినాక ఈ మిద్దెలోనే కూర్చున్నాడు. నమాజు చేసేవాళ్లూ వస్తారు, నామం పెట్టుకునేవాళ్లూ వస్తారు. గురువారం మధ్యాహ్నం అందరం కలిసి తత్వాలు పాడుకుంటాం, తాత ఏమన్నా చెప్తే వింటాం. ఆయన చెప్పేదే తక్కువ. నా పేరు లాలప్ప, ఊళ్లో బట్టలు కుడతాను. మిద్దె తాళంచెవీ చాయ్ గిన్నే నా చేతిలో ఉంటాయి, అందుకని అక్కడ జరిగేదంతా నాకు తెలుస్తుంది.

మద్దిలేటి మా ఊరోడే. చిన్నప్పుడే తండ్రి పోతే తాత చేతి సంగటి తిని పెరిగినాడు. ఇంజనీరు చదివి, ఇప్పుడు హైదరాబాదులో పెద్ద పెద్ద భవనాలకు ప్లాన్లు గీస్తాడు. సభల్లో మాట్లాడతాడు కూడా. ఎండలు ఇట్లా ముదురుతున్నాయంటే, వానలు తప్పుతున్నాయంటే, అందులో మనం కట్టే కట్టడాల తప్పు చాలా ఉందంటాడు. ఇటుక కాలిస్తే పొగ, సిమెంటు చేస్తే పొగ, ఏసీ తిరిగితే యాడో బొగ్గు పొగ. మాటలో అబద్ధం లేదు. సభల్లో వాళ్లు చప్పట్లు కొడతారు. మాకు చెప్పినప్పుడు మేమూ కొట్టినాం, పాపం పిల్లోడు అంత దూరం నుంచి వచ్చి చెప్తున్నాడు కదా అని.

వాడు అంత పట్టుబట్టడానికి కారణం సుంకులమ్మ.

సుంకులమ్మకు డెబ్బై దాటినాయి. మిరప చేలల్లో కూలి చేసి బతికిన మనిషి. నలభై ఏళ్లుగా గురువారం తత్వం ఎత్తేది ఆమే. ఆమె ఎత్తితే వెనకాల మేం అందుకుంటాం. మొన్న ఏప్రిల్లో ఒక గురువారం ఆమె పాడుతుండగా కరెంటు పోయింది. ఏసీ ఆగిపోయింది. ఆ ఏసీ కూడా మద్దిలేటి పెట్టించిందే, కొన్నేళ్లుగా మిద్దె లోపల కాగిపోతోందని. చల్లదనం పోకూడదని కిటికీలన్నీ బిగించి ఉన్నాం. మేం లేచి తీసేలోపే ఆమె పక్కకు ఒరిగిపోయింది. నంద్యాల డాక్టరు చూసి, "ఇంకోసారి ఆ గదిలో కూర్చుంటే మనిషి దక్కదు" అన్నాడు.

అప్పటినుంచి ఆమె ఎదురుగా ఉన్న నా అంగడి అరుగు మీద కూర్చుని మిద్దె వైపు చూసి పోతోంది. లోపల పాట ఎత్తే దిక్కు లేదు. నేను ఒకసారి ఎత్తినాను. పక్కనున్న హుస్సేనప్ప వంగి, "నువ్వు చాయ్ పెట్టుకోప్పా" అన్నాడు.

ఈ సంగతి ఫోన్లో వినగానే మద్దిలేటి పరుగెత్తుకొచ్చినాడు. చేతిలో అట్టతో చేసిన చిన్న బొమ్మ ఇల్లు.

"తాతా, ఇది కొత్త మందిరం. పైన సోలారు పలకలు. గాలి దానంతటదే ఇట్లా వచ్చి అట్లా పోతుంది. బయటనుంచి ఒక్క యూనిట్ కరెంటు తీసుకోదు. డబ్బు పెట్టేందుకు ఒక దాత కూడా ఒప్పుకున్నాడు. ఇట్లాంటిది మన జిల్లాలోనే లేదు."

తాత ఆ బొమ్మను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసినాడు. పైకప్పు ఎత్తి లోపలికి కూడా తొంగి చూసినాడు.

"బాగుండాది నాయనా. సుంకులమ్మ యాడ కూర్చుంటాది?"

"ఇదో, ఈడ. గాలి నేరుగా తగిలే చోట."

"మరి ఇదో?" అని తాత తన వెనకున్న ఇటుకల గోడను అరచేత్తో తట్టినాడు.

"దాన్ని తీసేయాల తాతా. ఈ స్థలంలోనే కదా కట్టేది. వచ్చే నెల ఇరవైకి జేసీబీ వస్తుంది."

మా ప్రాణం ఉసూరుమంది. తాత మాత్రం తల ఊపినాడు.

"తీసేయి. నేనేం అడ్డం రాను. నాకు ఒక్క ఇటుక కావాల, అంతే."

"ఒకటేంది తాతా, లారీ తెప్పిస్తా."

"లారీ ఏం చేసుకునేది? ఒకటి చాలు. నువ్వు మట్టి తొక్కి, నువ్వు కట్టె కొట్టి, నువ్వు కాల్చింది కావాల. అది నా చేతిలో పెట్టి, కూలగొట్టుకో."

మద్దిలేటి పకపకా నవ్వినాడు. ఇంజనీరు కదా, ఒక ఇటుక ఎంత పని అనుకున్నాడు. మేమూ అట్లే అనుకున్నాం.

మరుసటి రోజే ప్యాంటు మడిచి కుందూ ఒడ్డున మట్టి తొక్కినాడు. చెక్క చట్రంలో అచ్చు పోసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, మూడో రోజు మంట పెట్టినాడు. చుట్టూ చేరి చూస్తున్నాం. కాసేపటికి మంటలోంచి ఠప్పుమని చప్పుడైంది. ఇటుక నాలుగు ముక్కలై ఎగిరింది. ఒక ముక్క హుస్సేనప్ప తలపాగాకు తగిలింది. లోపల తడి ఆరకముందే కాల్చినాడంట. హుస్సేనప్ప తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

రెండోది వారం పైన ఆరబెట్టినాడు. ఈసారి పగల్లేదు, పైకి ఎర్రగానే కనబడింది. సంబరంగా తెచ్చి తాత చేతికిచ్చినాడు. తాత దాన్ని నీళ్ల బక్కెట్లో వేసి, "చాయ్ తాగుదాం రా" అన్నాడు. చాయ్ తాగి వచ్చి చూస్తే బక్కెట్లో బురద ఉంది.

"మంట చాలలేదు తాతా."

"చాలలేదు నాయనా."

మద్దిలేటి ముఖం చూస్తే నాకే జాలేసింది. వాడికి ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. అయినా పోలేదు, మొండోడు. మూడోదానికి రాళ్లూ మట్టీ పెట్టి చిన్న బట్టీ కట్టినాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏటి గట్టున సర్కారు తుమ్మ కొట్టి మోసినాడు. ఒక మోపు అయిపోయింది. రెండోదీ అయింది. మూడో మోపు తెచ్చేటప్పటికి చేతులు ముళ్లకు చీరుకుపోయి, చొక్కా మసిబారి, వాళ్లమ్మ కూడా గుర్తుపట్టనట్టు ఉన్నాడు. పొగ ఊరి మీదికి పోతుంటే ఆడవాళ్లు బట్టలు తీసుకుంటూ, "ఏందబ్బీ ఈ పొగ? పెండ్లి వంటలా?" అని అడిగినారు.

"ఒక ఇటుక" అన్నాడు మద్దిలేటి.

వాళ్లు నమ్మలేదు.

మరుసటి రోజు బట్టీ చల్లారినాక ఇటుక తీసినాడు. ఒక మూల కొంచెం వంకర పోయింది గానీ, గోటితో కొడితే ఖంగుమంది. తాత దాన్ని బక్కెట్లో వేసి, చాయ్ తాగి వచ్చి, తీసి చూసినాడు. ఇటుక ఇటుకలాగే ఉంది.

"ఎంత కట్టె పట్టింది నాయనా?"

"మూడు మోపులు తాతా." అని మళ్లీ వాడిలో ఇంజనీరు లేచినాడు. "అట్లా లెక్కేయకూడదులే. పెద్ద బట్టీలో వేలకు వేలు పెట్టి కాలుస్తారు. ఒక్కోదానికి ఇంత పట్టదు. ఇందులో పదోవంతు కూడా పట్టదు."

"సరే, పదోవంతులోనూ సగం అనుకుందాం" అని తాత ఆ ఇటుకను వాడి చేతుల్లో పెట్టినాడు. "ఇంక కూలగొట్టుకో నాయనా."

తాత పోయి ఎండలో ఆరేసిన తన లుంగీ తీసుకుంటున్నాడు. మద్దిలేటి ఇటుక పట్టుకుని గోడ ముందర నిలబడినాడు. ఆ గోడ ముప్పై అడుగులు ఉంటుంది, మోచేతి మందం. అట్లాంటివి నాలుగు. వాడి పెదవులు కదులుతున్నాయి. వరసలు లెక్కపెడుతున్నాడని నాకు అర్థమైంది. కాసేపటికి పెదవులు ఆగిపోయినాయి. ఇటుకను గుండెకు అదుముకున్నాడు.

వెనక్కి తిరిగినాడు.

"సరే తాతా. కూలగొట్టను. మరి అవ్వ? ఆమె లోపలికి ఎట్లా వస్తుంది?"

"ముందు వస్తుండె కదా."

"ముందు ఇంత వేడి లేదు."

"లేదు. ఏమిటికి లేదు?"

మద్దిలేటి మిద్దె పైకప్పు వైపు చూసినాడు. మేమూ చూసినాం. చూస్తూ చూస్తూనే వాడి ముఖం తెల్లబోయింది.

పన్నెండేళ్ల కిందటి సంగతి చెప్పాలి. మా వైపు మిద్దెలంటే దూలాల మీద రెల్లు, దాని మీద మట్టి, దాని మీద చౌడు. చౌడంటే ఉప్పు తేలిన మన్ను, వాన నీటిని దిగనీయదు. అంత మందాన మట్టి ఉంటే ఎండ కూడా లోపలికి దిగదు. ఏటా తొలకరికి ముందు పైన కొత్త చౌడు పోసుకోవాల. నడుమ గాలికీ వెలుతురుకూ గవాక్షి అని ఒక కంత ఉంటుంది, వేడి గాలి అందులోంచి పోతుంది. తాత ఏటా తనే గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేవాడు. ఒక ఏడు జారి పడి చెయ్యి విరిగింది. అప్పుడే మద్దిలేటికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రిలో తాత మంచం పట్టుకుని భోరున ఏడ్చినాడు. ఇంటికొచ్చి మొదటి జీతంతో మట్టంతా గీకి పారేయించి, సిమెంటు పోయించినాడు. వాన పడుతుందని గవాక్షి కూడా మూసేయించినాడు. ఇంక తాత నిచ్చెన ఎక్కే పని లేదని ఊరంతా మెచ్చుకున్నాం. ఆ మరుసటి ఏడు నుంచే మిద్దె కాగడం మొదలైంది. దానికి ఏసీ వచ్చింది. గొట్టం కోసం గోడలో ఒక ఇటుక తీసి కంత పెట్టినారు.

మద్దిలేటి తాత కాళ్ల దగ్గర కూలబడిపోయినాడు.

"నేనే తాతా. అవ్వను పడేసింది నేనే. పన్నెండేళ్లు ఈ పెనం కింద కూర్చున్నావు, ఒక్క మాట అంటే ఏమైంది? చెప్పలేదేం?"

తాత వాడి తల మీద చెయ్యి పెట్టినాడు. ఆ చెయ్యి అప్పుడు విరిగినదే, ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.

"నువ్వు ప్రేమతో పోసినావు కదా నాయనా. ప్రేమతో పోసిన దాన్ని తీసెయ్యమని నోరెట్లా వస్తాది? చెప్పింటే బాగుండు. సుంకులమ్మ పడినప్పుడు నాకూ అట్లే అనిపించింది."

నేను చాయ్ గిన్నె చూసుకునే నెపంతో అవతలికి పోయినాను. ఏడుపొచ్చింది, అందుకే పోయినాను.

ఆ రోజే మద్దిలేటి దాతకు ఫోన్ చేసినాడు. ఏమన్నాడో, ఏం పడినాడో నాకు తెలీదు. అరగంట మాట్లాడి వచ్చి, "ఆయనకు కోపం వచ్చింది లాలన్నా" అన్నాడు. జేసీబీ వద్దని కూడా చెప్పేసినాడు. అట్ట బొమ్మను ఏం చెయ్యాలో తెలీక నా అంగట్లో పెట్టినాడు. ఇప్పుడు దాంట్లో నేను గుండీలు వేసుకుంటున్నాను.

తరువాతి పది రోజులు మిద్దె మీద ఒకటే సుత్తుల మోత. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా దింపినారు. గవాక్షి తెరిచి, వాన పడకుండా పైన చిన్న గొడుగు లాంటి కప్పు పెట్టినాడు మద్దిలేటి. అక్కడ మాత్రం చదువు పనికొచ్చింది. రెల్లు పరిచి, మట్టి వేసి, ఏటి అవతల నుంచి చౌడు తెచ్చి పోసినాం. మళ్లీ ఏటా ఎవరు ఎక్కుతారని హుస్సేనప్ప అడిగితే, "నేను వస్తా" అన్నాడు మద్దిలేటి. "ప్రతి ఏడూ తొలకరికి ముందు వస్తా. తాత నిచ్చెన మీద కాలు పెడితే నా మీద ఒట్టు." ఏసీ దింపేసినాం, బడికి ఇద్దామంటే పంతులు కూడా ఆలోచించి చెప్తానన్నాడు.

గురువారం వచ్చింది. మిట్ట మధ్యాహ్నం, బయట కాకి కూడా అరవడం లేదు. మద్దిలేటి పొద్దున్నుంచి లోపలికీ బయటికీ తిరుగుతూ, గోడలు పట్టి పట్టి చూస్తున్నాడు. నా అంగడి అరుగు మీదికి వచ్చి సుంకులమ్మ ముందర నిలబడినాడు.

"అవ్వా, లోపలికి వస్తావా?"

"చస్తే నీదే పూచీ రా అబ్బీ" అంది ఆమె, లేస్తూ.

గడప దాటి ఆగింది. తల ఎత్తి గవాక్షి చూసింది. లోపల నీడ, కొంచెం మట్టి వాసన, పైనుంచి గాలి. గోడ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అట్లే ఉంచి, పోయి తన పాత చోట్లో కూర్చుంది. డాక్టరు మాట గుర్తొచ్చి మేమంతా ఆమెనే చూస్తున్నాం.

ఆమె గొంతు సవరించుకుని తత్వం ఎత్తింది. రెండు నెలల తరువాత. మొదటి చరణానికి ఎవ్వరం అందుకోలేకపోయినాం.

పాట అయిపోయినాక మద్దిలేటి చూరు కింద దాచిన ఇటుకను తెచ్చినాడు. ఏసీ గొట్టం కోసం తీసిన కంత గోడలో అట్లే ఉంది. సున్నం, ఇసుక కలిపి అందులో ఆ ఇటుకను కూర్చినాడు. వంకర మూల బయటికి పొడుచుకొచ్చి వికారంగా కనబడింది. పెద్ద పెద్ద భవనాలు గీసే చెయ్యి కదా, వాడికి నచ్చలేదు.

"తాతా, అందం చెడిపోయింది. దీన్ని కొట్టేసి సరైనది ఒకటి తెచ్చి పెట్టనా?"

తాత వచ్చి ఆ వంకర మూలను బొటనవేలితో తడిమినాడు.

"కొట్టు చూద్దాం" అన్నాడు.

మద్దిలేటి సుత్తి చేతికి తీసుకున్నాడు. ఇటుకను చూసినాడు. చీరుకుపోయి ఇంకా మానని తన చేతులు చూసుకున్నాడు. సుత్తి కింద పెట్టేసి, వెళ్లి సుంకులమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఇంకోటి ఎత్తు అవ్వా" అన్నాడు.